తోటక్క పాదం కింది గీత

మా తోటక్క పోయింది. ఆ కబురు నాకు మనిషి తీసుకురాలేదు. నీళ్ళు తెచ్చాయి.

లింగాల దగ్గర చీనీతోట, బత్తాయి అంటారే, అది. పొద్దున పూట. నేను చివరి సాలులో ఒంగి, డ్రిప్పు పైపుల మీద పడిన ఆకులు తీసేస్తున్నాను. పైపులు ఎండిపోయి ఉన్నాయి. అట్లే ఉండాలి కూడా, ఎందుకంటే అవతల బోరు దగ్గర అక్క కూర్చుని ఎలుకలు కొరికిన కరెంటు తీగకు టేపు చుడుతోంది. మోటారు ఆడకూడదు. నేను చూస్తుండగానే నా చేతికింద పైపు బుస్సుమని గాలి కక్కింది. తర్వాత ఒక చుక్క పడింది. దాని వెనక ఇంకొకటి. చెట్టు మొదట్లో మట్టి రూపాయి బిళ్ళంత మేర నల్లబడింది.

నీళ్ళు వచ్చాయంటే మోటారు ఆడుతోంది. మోటారు ఆడుతోందంటే తీగలో కరెంటు ఉంది. ఆ తీగ అక్క చేతిలో ఉంది. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి నా తలలోకి వచ్చేలోపలే నా కాళ్ళు పరుగెత్తుతున్నాయి. అరవై దాటిన కాళ్ళు. అంత తోట ఎట్లా దాటానో నాకు తెలియదు. మధ్యలో ఒక చెప్పు ఊడిపోయింది. అది ఇప్పటికీ ఏ చెట్టు కిందో పడి ఉంది. వెతకబుద్ధి కాలేదు.

ఎండుకట్టెతో తీగను తోశాను. అక్క పక్కకు ఒరిగింది. టేపు చుట్ట ఆమె వేలికి అట్లే తగులుకుని ఉంది. పక్క తోటల వాళ్ళు వచ్చి పులివెందుల ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. అక్కడ డాక్టరు బయటికి వచ్చి ఏదో చెప్పాడు. నేను వినలేదు. నాకు ముందే తెలుసు.

నెల దాటింది. పొద్దున మొదటి బస్సు హారను వినబడితే ఈ రోజుకూ నేను తోట గేటు వైపు చూస్తున్నాను. చూసిన తర్వాత నా మీద నాకే కోపం వస్తుంది. ఆ కోపం చల్లారేలోపల మళ్ళీ చూస్తున్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి టీచరమ్మ రాస్తోంది. ఈమెతోనే ఎందుకు రాయిస్తున్నానో తర్వాత చెబుతాను. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకోవడానికి నేను కూర్చోలేదు. పులివెందుల బస్టాండులో ఒక మాట నడుస్తోంది. ప్రొద్దుటూరులో అక్క కొడుకు బట్టల అంగడి ఉన్న వీధిలో అదే మాట. జమ్మలమడుగులో, అక్క కోడలు పుట్టిన ఊళ్ళో కూడా అదే మాట. కోడలు ఫోను నొక్కి అత్తను చంపింది అంటున్నారు. అది అబద్ధం. అబద్ధమని నాకు ఎట్లా తెలుసో అందరూ చదవాలి. చదువు రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపించాలి.

తోటలు లేనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. బోరు మోటార్లకు కరెంటు రోజంతా ఉండదు. వచ్చే వేళ వస్తుంది, పోయే వేళ పోతుంది. దానికోసం మనిషి కాపలా కూర్చునే పని లేకుండా ఇప్పుడు మోటారుకు ఫోను తగిలించారు. తోటలోకి కరెంటు వస్తే ప్రొద్దుటూరులో ఉన్న ఫోనుకు తెలుస్తుంది. అక్కడ నొక్కితే ఇక్కడ మోటారు ఆడుతుంది. ఆ నొక్కే పని కోడలిది. అక్క చెప్పిన పనే. పిల్లలకు క్యారియర్లు కడుతూ, పొయ్యి మీద పాలు చూసుకుంటూ రోజూ నొక్కేది. ఆ రోజూ నొక్కింది. అంతే ఆ పిల్ల చేసింది. మరి తీగ పట్టుకున్న మనిషికి అడ్డం ఏముండాలి? మోటారు డబ్బాలో ఫ్యూజులు, మేం ఫీజులంటాం, పీకేసి ఉండాలి. ఫీజులు లేకపోతే ఎవరు ఎక్కడినుంచి నొక్కినా మోటారు కదలదు.

ఫీజులు పీకింది నేను. దాని దగ్గరికి వస్తాను. ముందు అక్క ఎట్లాంటి మనిషో చెప్పనివ్వండి. అది తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నలభై ఏళ్ళ కింద నేను పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు చీనీచెట్టు అంటే ఏమిటో తెలియదు. మాది జమ్మలమడుగు పక్కన నల్లరేగడి. మేం శనగ వేసేవాళ్ళం. శనగ మొక్క జానెడు ఎదిగాక తలలు తుంచుతాం. తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. తుంచిన ఆకు కూర వండుకుంటాం. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నా వేళ్ళకు వచ్చిన పని అది.

ఇక్కడ అక్కవాళ్ళ తోటకు కూలికి వచ్చాను. అప్పుడే నాటిన చీనీ అంట్లు. జంబేరి నిమ్మ మొక్క మీద చీనీ కన్ను కట్టి పెంచిన మొక్కలు అవి. అంటు కట్టిన చోటికి కింద ఏ చిగురు వచ్చినా అది జంబేరి, దాన్ని గిల్లేయాలి. పైన వచ్చేది చీనీ, దాన్ని కాపాడాలి. చిగుళ్ళు గిల్లమని చెప్పి అక్క, వాళ్ళత్త పిలిస్తే, ఇంటికి పోయింది. అక్క కూడా అప్పుడు కొత్తకోడలే. నాకంటే మూడేళ్ళు పెద్దదేమో. నేను నా శనగ బుద్ధితో రెండు సాళ్ళు పొడవునా పై చిగుళ్ళు గిల్లుకుంటూ పోయాను. కింది చిగుళ్ళు పక్కకొమ్మలు కదా, గుబురుగా వస్తాయని జాగ్రత్తగా వదిలేశాను. గిల్లిన చిగుళ్ళు ఒళ్ళో వేసుకుని, ఇవి కూర వండుకోవచ్చునా అని అడిగాను కూడా.

అక్క నవ్వింది. ఒడిలో చిగుళ్ళు చూసి నవ్వడం ఆపింది. సాలు వెంబడి నడిచి చూసి వచ్చింది. ఆ వెనకే వాళ్ళత్త వచ్చింది. అత్త నోరు పెద్దది. నన్ను, నన్ను కన్నదాన్ని, మా చర్చిని, మా నల్లరేగడిని కలిపి తిట్టి గేటు బయటికి పొమ్మంది. నేను కదల్లేదు. తిట్లకు నేను భయపడే రకం కాదు. కానీ చేసింది ఏమిటో అర్థమయ్యేసరికి ఒళ్ళోని చిగుళ్ళు కింద పెట్టేశాను.

అక్క తిట్టలేదు. "తెలిసి చేసింటే నేనే తరుముదును అత్తా. వాళ్ళూర్లో శనగ తలలు తుంచినట్ల తుంచింది. చూపియ్యకుండా పోయింది నేను. తెలీక చేసినదాన్ని యాడికని తరుమేది?" అంది. అని, నా ముందర నిలబడి కుడికాలి బొటనవేలితో మట్టిలో ఒక గీత గీసింది. నా కళ్ళలోకి చూసింది. పాదం మొత్తం ఆనించి ఆ గీతను చెరిపేసింది.

"పోయ. ఇంగ దాని మాట ఎత్తాకు. పా, కింద చిగురు ఏదో, పైన చిగురు ఏదో చూపిస్తా."

ఆ గీత సంగతి ఈ చుట్టుపక్కల తోటల్లో అందరికీ తెలుసు. ఎవరి చేతినుంచైనా తెలియక పని చెడితే అక్క అదే చేసేది. గీత గీయడం ఎందుకని ఒకసారి అడిగాను. తప్పు జరగలేదని అంటే అది అబద్ధం అవుతుంది కదా, జరిగింది, అందుకే గీత అంది. మా చర్చిలో క్షమాపణ మాట ప్రతి ఆదివారం వింటాను. అక్క ఆ పని కాలితో చేసేది.

ఆ రెండు సాళ్ళూ తర్వాత పీకేసి కొత్త అంట్లు పెట్టారు. ఒక్క మొక్కను మాత్రం అక్క పీకనివ్వలేదు. అది బోరు పక్కన ఉండేది. ముళ్ళు వేసుకుంటూ జంబేరి చెట్టై పెరిగింది. ఇప్పుడు దాని కింద నలుగురు కూర్చోవచ్చు. ఏటా ఆ కాయలు కోసి అక్క ఊరగాయ పెట్టేది. చుట్టాలు వస్తే వడ్డిస్తూ నా వైపు చెయ్యి చూపేది. "ఇది మా అమ్మి చేసిన తప్పు. శానా బాగుంటాది. ఇంగో ముక్క ఏసుకోండి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వినప్పుడల్లా నా లోపల ఏదో తేలికయ్యేది.

మెత్తని మనిషి అనుకోకండి. పక్క తోట ఆసామి ఒకాయన, తెలిసి తెలిసి, మా కాలువ గట్టు తెంపి నీళ్ళు తన వైపు మళ్ళించుకున్నాడు. తెలియక తెగింది వదినా అన్నాడు. పారతో కొట్టిన గుర్తు అక్క చూసింది. ఏడేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూతురి పెళ్ళికి పోయి, పెళ్ళికూతురికి చీర పెట్టి, ఆయనను పలకరించకుండా వచ్చేసింది. తెలిసి చేసి తెలియదనేవాడికి గీత లేదు అనేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నాకే మళ్ళీ అవసరం వస్తుంది.

కొడుకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టాక అక్క కూడా అక్కడే ఉండేది. కానీ వారానికి రెండు మూడు సార్లు తెల్లారకముందే బయలుదేరి పులివెందుల వచ్చి, అక్కడినుంచి లింగాల వైపు మొదటి బస్సులో తోటకు వచ్చేది. సంచిలో ప్రొద్దుటూరి ఎర్రకారం దోశలు రెండు. ఒకటి తనకు, ఒకటి నాకు. గట్టు మీద నా పక్కనే కూర్చుని తినేది. మొదట్లో నేను దూరం జరిగేదాన్ని. నాకూ ముల్లు గుచ్చుకుంటుంది, నీకూ ముల్లు గుచ్చుకుంటుంది, ఇంక దూరమెందుకు, కూర్చోమని కసిరింది. అమ్మా అని పిలిస్తే పలికేది కాదు. అక్కా అంటే పలికేది. అట్లా తోటక్క అయింది. దోశ అంచులు ముందు తిని నడుమ భాగం చివరికి పెట్టుకునేది. కారం నా కళ్ళలో నీళ్ళు తెప్పిస్తే, జమ్మలమడుగు నాలుకకు కారం పడదని ఎగతాళి చేసేది. మీ ప్రొద్దుటూరోళ్ళు కారమే దోశ అనుకుంటారులే అక్కా అని నేను అనేదాన్ని.

కాయ కోతకు వచ్చిందా లేదా అని గోటితో తోలు గీకి వాసన చూసేది. ఆ వేలు తీసుకొచ్చి నా ముక్కు దగ్గర పెట్టేది. ఏమంటావ్ మే అని అడిగేది. నేను వారం పడుతుందంటే వారం ఆగేది. తనకు చదువుంది, భూమి ఉంది. అయినా నా ముక్కును అడిగేది.

కోడల్ని కూడా నాలాగే చేర్చుకుంది. ఆ పిల్లది జమ్మలమడుగు. వచ్చిన కొత్తలో వంటింట్లో బూడిద నిండిన జాడీ కనబడితే, మురికి పట్టిందనుకుని కడిగి బోర్లించింది. ఆ బూడిదలో అక్క జంబేరి గింజలు దాచింది. కొత్తగా నారు పోయాలని ఏడాదంతా కూడబెట్టినవి. అన్నీ కాలువలో కలిశాయి. ఆ పిల్ల తలుపు వెనక దాక్కుని ఏడుస్తుంటే అక్క బయటికి లాక్కొచ్చింది. ప్రొద్దుటూరు ఇంట్లో మట్టి ఎక్కడుంది? బండలు పరిచిన ఇల్లు. అక్క గుప్పెడు పిండి తెచ్చి నేల మీద చల్లి, దాంట్లో బొటనవేలితో గీత గీసి, పాదంతో చెరిపింది. పిండి అంటిన కాలితో ఇల్లంతా తిరిగి నవ్వించింది. ఇది నాకు కోడలే చెప్పింది. చెప్పేటప్పుడు దాని ముఖం చూడాలి. మా ఊరి పిల్ల గదా అని నాకు మొదటినుంచీ దాని మీద అభిమానం ఉంది. అయితే నేను దానికోసం అబద్ధం చెప్పే మనిషిని కాదు.

ఇప్పుడు ఆ రోజు.

మోటారు షెడ్డులో రెండు డబ్బాలు ఉంటాయి, పాతబోరుది ఒకటి, కొత్తబోరుది ఒకటి. ఎప్పుడూ కొత్తబోరుది కుడివైపు. ఆ మధ్య రెండూ కాలిపోతే మెకానిక్కు ఊడదీసుకుపోయి బాగుచేసి తెచ్చి బిగించాడు. బిగించేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. పెట్టినవాడు తప్పు చేయలేదు. ఏది ఏదో ఎర్రరంగుతో పేర్లు రాశాడు. పేర్లు రాసినాడు, చూసుకుని పని చేయండి అని అక్క తోటలో అందరికీ చెప్పింది. నేనూ విన్నాను. విని తల ఊపాను. పేర్లు రాస్తే నాకేం తెలుస్తుంది అని అడగలేదు. ఏళ్ళ తరబడి నా చెయ్యి చీకట్లో కూడా పోయే డబ్బా కదా అనుకున్నాను.

ఆ పొద్దు అక్క బస్సు దిగి వచ్చింది. దోశలు తిన్నాం. జంబేరి చెట్టు కింద, బోరు దగ్గర తీగ మీద ఎలుక పళ్ళ గుర్తులు చూసింది. అప్పుడు కరెంటు లేదు. వచ్చేలోపల చుట్టేద్దాం అని టేపు తీసింది. కొత్తబోరు ఫీజులు పీకమని నన్ను షెడ్డుకు పంపింది. నేను పోయి కుడివైపు డబ్బా తెరిచి మూడు పింగాణి ఫీజులు పీకి కొంగులో ముడేసుకున్నాను. ముడేసుకోవడం అలవాటు, మనం పీకినవి ఇంకొకరు పెట్టకుండా.

"పీకినావా మే?" అని అక్క చెట్టు కిందనుంచే అడిగింది.

"పీకినా కా."

"సరే, పో. చివరి సాలు పైపులు చూసి రా."

అంతే. నలభై ఏళ్ళు మాట్లాడుకున్నాం. చివరి మాట పైపుల గురించి.

అక్కను నమ్మించింది ఫోను కాదు, నా మాట. ఫీజులు నా కొంగులో ఉన్నాయి కాబట్టి కోడలికి ఫోను చేసి ఆగమనాల్సిన పని లేదనుకుంది. ఆ గొడవలో ఎవరో పరుగెత్తి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొత్తం కరెంటే తీసేశారు. షెడ్డులో ఏ డబ్బాలో ఏముందో ఎవరూ చూడలేదు. నా కొంగులో ముడి అట్లే ఉంది. ఫీజులు నా దగ్గరుంటే కరెంటు ఎట్లా వచ్చిందని రెండు రోజులు పిచ్చిదానిలా ఉన్నాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేదాన్ని.

మూడోనాడు టీచరమ్మను షెడ్డుకు పిలుచుకుపోయాను. నేను ఫీజులు పీకిన డబ్బా మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. పాతబోరు అని చదివింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివింది. అందుకే ఇది ఈమెతో రాయిస్తున్నాను. నా తప్పును మొదట చదివింది ఈమె.

నేను షెడ్డు గడప మీద కూలబడ్డాను. అక్కడే ఇంకొక సంగతి తట్టింది. నాకు చదువు రాదని అక్క మరిచిపోయింది. మరిచిపోయే నన్ను ఆ పనికి పంపింది. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, నా ముక్కును అడిగి కాయ కోసిన మనిషి, నేను తనలాంటిదాన్ని కాదని ఎన్నాళ్ళు గుర్తు పెట్టుకుంటుంది? అది ఆమె చేసిన తప్పు అయితే, తెలియక చేసిన తప్పే. నేను ఆ గడప దగ్గరే కాలితో గీత గీసి చెరిపాను. ఆమెది చెరిపాను. నాది కాదు.

ఇక్కడ నేను దాచకూడనిది ఒకటి ఉంది. మూడోనాడు తెలిసింది. పెద్దదినం పదకొండోనాడు. మధ్యలో ఎనిమిది రోజులు నేను నోరు తెరవలేదు. కోడలి మీద మాటలు నా చెవులతో విన్నాను. భయం వేసింది. పోలీసులకు కాదు. అక్క కొడుకు తన పిల్లలతో పాటు నన్ను అవ్వా అంటాడు, ఇంకెప్పుడూ అట్లా పిలవడేమోనని. పీకింది తెలియక. ఊరుకుంది తెలిసి.

పెద్దదినం ప్రొద్దుటూరు ఇంట్లో చేశారు. భోజనాలు అయ్యాక మగవాళ్ళు హాల్లో కూర్చున్నారు. అక్క తమ్ముడు, ఆ ఇంటికి ఇప్పుడు పెద్ద ఆయనే, కోడలు కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటే మంచిదని చెప్పాడు. కొన్నాళ్ళు అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఆ పిల్ల వాళ్ళమ్మ లోపల బట్టలు సర్దుతోంది. పిల్లలిద్దరూ ఆ సంచిని పట్టుకుని నిలబడ్డారు. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. పదకొండు రోజులుగా తన కుడిచెయ్యి బొటనవేలిని ఎడమచేతితో పట్టుకునే ఉంది. ఫోను నొక్కిన వేలు.

ఆ వేలు చూశాక నేను ఇంక కూర్చోలేకపోయాను. హాలు మధ్యకు పోయి కొంగు ముడి విప్పి మూడు ఫీజులు బండ మీద పెట్టాను. పింగాణి బండకు తగిలి టక్కుమంది. జరిగింది చెప్పాను. ఇక్కడ మీకు చెప్పినట్లే చెప్పాను, దాచకుండా.

తర్వాత అక్క తమ్ముడు లేచాడు. "ఇన్నాళ్ళు యాడ పెట్టుకున్న్యావు ముసల్దానా ఈ మాట?"

"కొంగులో పెట్టుకున్న్యా అప్పా. దానికి నన్ను ఏమన్నా అను, పడతా. ఆ పిల్లను ఏమన్నా అంటే మాత్రం పడను" అన్నాను.

అప్పుడు ఇంకో మూలనుంచి ఎవరో, అయితే అసలు తప్పు డబ్బాలు మార్చినవాడిది అన్నారు. ఇంకొకరు ఎలుకల మందు పెట్టనివాళ్ళది అన్నారు. చూస్తుండగానే తప్పు చేతినుంచి చేతికి పోతోంది, ఎవరి దగ్గర ఆగితే వాళ్ళను కొట్టడానికి. నాకు మండింది. మీ అక్క ఈడ ఉంటే ఇప్పుడు ఏం చేస్తాదో మీకు ఎవరికీ తెల్దా అని అడిగాను. అందరి కళ్ళూ నేల మీదికి పోయాయి. బండలు. మట్టి లేదు.

అక్క కొడుకు లేచి వచ్చాడు. ఫీజులు ఏరి మళ్ళీ నా చేతిలో పెట్టాడు. "అవ్వా, నువ్వు బువ్వ తిన్నావా?" అని అడిగాడు. లోపలికి పోయి పిల్లల చేతుల్లోని సంచి తీసుకుని మంచం కిందికి తోశాడు. ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్సుకు కోడలి తల్లి ఒక్కతే పోయింది.

తర్వాత వారానికి మొదటి బస్సు వచ్చినప్పుడు గేటు వైపు చూశాను. చూసినందుకు తిట్టుకునేలోపల గేటు తెరుచుకుంది. కోడలు వచ్చింది. చేతిలో సంచి. సంచిలో దోశలు రెండు, ఒక చిన్న రంగు డబ్బా, ఒక కుంచె.

నేరుగా షెడ్డులోకి పోయింది. నేను బయటే నిలబడ్డాను. బయటికి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఒక డబ్బా మీద పచ్చరంగుతో ఒక కాయ వేసి ఉంది. ఇంకో డబ్బా మీద రెండు కాయలు.

"ఒగ కాయ పాతబోరు. రెండు కాయలు కొత్తబోరు. యాడికి మార్చినా కాయలు మారవు పెద్దమ్మా" అంది.

మోటారుకు తగిలించిన ఫోను యంత్రం అప్పటికే తీయించేశారు. పాతబోరు ఫీజులు నేను పెట్టాను. ఒక కాయ బొమ్మ చూసుకుని పెట్టాను. కరెంటు వచ్చింది. పాతబోరు మీట దగ్గరికి కోడలు పోయింది. బొటనవేలు ఎత్తి ఆగింది. చాలాసేపటికి నొక్కింది.

జంబేరి చెట్టు కింద కూర్చుని దోశలు తిన్నాం. కారానికి ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు వచ్చాయి. ఇద్దరమూ జమ్మలమడుగువాళ్ళమే. తిన్నాక ఆ పిల్ల చెప్పు విడిచి కాలి బొటనవేలితో మట్టిలో ఒక గీత గీసింది. పొడుగ్గా, నా కాళ్ళ దగ్గరనుంచి తన కాళ్ళ దగ్గరికి. గీసి దాన్నే చూస్తూ కూర్చుంది.

"పెద్దమ్మా, నా కాలు లేస్తాలేదు" అంది.

"నాదీ లేస్తాలేదు మ్మే" అన్నాను.

అక్క కాలు ఎంత తేలిగ్గా లేచేదో అప్పుడు అనుకున్నాను.

చెట్టు మొదట్లో పైపు బుస్సుమంది. ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం. గాలి పోయి చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. మట్టి నల్లబడుతూ మెల్లగా మా వైపు వచ్చింది. గీత ఒక కొసను తాకింది. అక్కడ అంచు మెత్తబడి కిందికి జారింది. మేం కదలకుండా చూశాం. పిల్లలు బడినుంచి వచ్చేలోపల కోడలు ఇల్లు చేరాలి, బస్సు ఉంది. లేచాం. మేం లేచేసరికి గీత ఆ పిల్ల వైపు చెరిగిపోయింది. నా వైపు ఇంకా సగం ఉంది. నీళ్ళు నెమ్మదిగా వస్తున్నాయి.